షాలిమార్ తోట నుంచి లేహ్ కోట దాకా...

ఒక చివర మొగల్ చక్రవర్తి వేయించిన తోట. ఇంకో చివర లద్దాఖ్ రాజు కట్టించిన కోట. మధ్యలో సుమారు 420 కిలోమీటర్ల రోడ్డు. పచ్చటి లోయలో బయల్దేరి, మంచుగోడల మధ్య పాకి, గడ్డిపోచ కూడా మొలవని రంగురంగుల కొండల్లో తేలుతుంది. ఈ వేసవికి పిల్లాపాపలతో అటు వెళ్దామనుకుంటున్నారా? అయితే హోటళ్లూ టికెట్లకంటే ముందు లెక్క చూసుకోవాల్సింది ఒకటుంది... ఎత్తు!

'లద్దాఖ్ వెళ్దామా' అని ఇంట్లో ఎవరైనా అనగానే మొదట జరిగే పని విమానం ధర చూడటం. పొద్దున్నే ఢిల్లీలో ఎక్కితే టిఫిను వేళకి లేహ్‌లో దిగొచ్చు. సెలవులు కలిసొస్తాయి, దారి బడలిక ఉండదు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఒళ్లు ఒప్పుకోవద్దూ!

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు కాస్త పైన ఉంటుంది. విజయవాడ, విశాఖ వాళ్లయితే దాదాపు నేలబారునే ఉన్నట్టు. లేహ్ ఎత్తేమో 3,500 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకీ అందే ఆక్సిజన్ మనకి అలవాటైనదానికంటే దాదాపు మూడోవంతు తక్కువ. ఆ తేడాకి ఒళ్లు అలవాటు పడాలంటే రోజులు పడుతుంది. ఒక్కసారిగా అక్కడ దిగితే తలపోటు, వికారం, నిద్ర పట్టకపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చాలామందికి మొదటి రెండు రోజులూ హోటల్ గదిలోనే గడిచిపోతాయి. కలిసొచ్చాయనుకున్న సెలవులు అక్కడే ఖర్చయిపోతాయన్నమాట.

అందుకే శ్రీనగర్ మీదుగా వెళ్లే పాత దారే నయం. అది రోడ్డు కాదు, నిచ్చెన! శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్లు. సోన్‌మార్గ్, కార్గిల్ రెండూ అటూఇటుగా 2,700. ఆల్చీ 3,100. ఆ తర్వాతే లేహ్. మధ్యలో రోడ్డు 4,000 మీటర్లు దాటినా, రాత్రి పడుకునేది మాత్రం కిందనే. ఎత్తుల విషయంలో ముఖ్యం అదే... ఎంత పైకి వెళ్లామని కాదు, ఎంత ఎత్తులో నిద్రపోయామని. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య పడుకునే చోటు ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే సూత్రం. ఈ దారి ఆ సూత్రం చూసి వేసినట్టే ఉంటుంది.

మరి మనాలీ దారి? అందానికి అదీ తీసిపోదు. కానీ అటు బారాలాచా, తంగ్‌లంగ్ కనుమలు ఇంతకంటే ఎంతో ఎత్తు. చాలామంది రాత్రి ఆగే సర్చూ గుడారాలే 4,200 మీటర్ల పైన ఉంటాయి. కుర్రాళ్లు బైకుల మీద వెళ్తే వెళ్లారు గానీ, అమ్మమ్మనీ ఆరేళ్ల పిల్లాడినీ వెంటబెట్టుకుని మొదటిసారే అటు వెళ్లడం సాహసమే. తిరుగు ప్రయాణానికైతే ఆలోచించొచ్చు.

సెలవుల లెక్క

ఈ రోడ్డు ఏడాది పొడవునా ఉండదు. చలికాలంలో జోజిలా కనుమ మీద మంచు పేరుకుపోతుంది. సరిహద్దు రోడ్ల సంస్థ యంత్రాలతో తవ్వి దారి చేస్తే తప్ప బండి కదలదు. ఇటీవలి సంవత్సరాల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లోనే తెరుస్తున్నారు. మన బడులకు ఏప్రిల్ చివర సెలవులిస్తే సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. కాబట్టి మే మధ్య నుంచి జూన్ మొదటివారం దాకా సరైన అదను. రోడ్డు కుదురుకుని ఉంటుంది, పక్కన మంచుగోడలు ఇంకా కరగకుండా ఉంటాయి. మనాలీ దారి తెరుచుకునేసరికి చాలాసార్లు మన సెలవులు సగం పైన అయిపోతాయి.

శ్రీనగర్ చేరడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. 2025 జూన్‌లో కట్రా - శ్రీనగర్ రైలు మొదలైంది. నదికి 359 మీటర్ల ఎత్తున కట్టిన చీనాబ్ వంతెన మీదుగా మూడు గంటల ప్రయాణం. వైష్ణోదేవి దర్శనం కూడా కలుపుకోవాలనుకునే వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి!

శ్రీనగర్‌లో రెండు రాత్రులు ఉండండి. దాల్ సరస్సు, శికారా పడవలు ఎటూ తప్పవు. షాలిమార్ తోటకి మాత్రం పొద్దున్నే వెళ్లాలి. 1619లో జహంగీర్ వేయించిన తోట ఇది. కొండ మీంచి వచ్చే నీటిని కాలువలో మళ్లించి, అంతస్తులవారీగా కిందికి జారవిడిచారు. పదిన్నర దాటితే బస్సులు దిగుతాయి. అప్పుడు చినార్ చెట్లకంటే సెల్ఫీ కర్రలే ఎక్కువ కనబడతాయి.

గుండె చిక్కబట్టుకునే కనుమ

శ్రీనగర్ నుంచి సోన్‌మార్గ్ 80 కిలోమీటర్లు. ఇదివరకు చలికాలంలో ఆ ఊరే తెగిపోయేది. 2025 జనవరి 13న ప్రారంభమైన ఆరున్నర కిలోమీటర్ల సొరంగంతో ఆ బాధ తీరింది. అసలు పరీక్ష ఆ తర్వాత. ఎత్తు 3,528 మీటర్లు. ఒకవైపు కొండ, ఇంకోవైపు చూడకపోతేనే మంచిదనిపించే లోయ. లద్దాఖీ భాషలో 'లా' అంటే కనుమ. 1948లో జనరల్ తిమ్మయ్య ఈ కనుమ మీదికి ట్యాంకులెక్కించి దారి గెలిచారు. ఇప్పుడు మన టాక్సీ ఎక్కడమే ఓ వింతగా ఉంటుంది, అప్పట్లో ట్యాంకులు ఎలా ఎక్కాయో!

ఈ కనుమ కింద 13 కిలోమీటర్ల సొరంగం పనులు 2020లో మొదలయ్యాయి. తవ్వుతున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్. అది పూర్తయితే ఏడాదంతా ప్రయాణమే. ఆలోగా పాత ఘాట్ రోడ్డే గతి. ఇరుకు దారి కాబట్టి బండ్లను వేళలు పెట్టి వంతులవారీగా వదులుతుంటారు. ఆ వేళలు మారుతుంటాయి. ముందురోజు సాయంత్రమే డ్రైవర్‌ని అడిగి తెలుసుకోవాలి. సోన్‌మార్గ్‌లో పడుకుని తెల్లారగట్ల బయల్దేరిన వాళ్లు హాయిగా దాటేస్తారు. శ్రీనగర్‌లో తాపీగా టిఫిన్ చేసి బయల్దేరితే మాత్రం లారీల వెనక గంటలు గంటలు ఎదురుచూపులే. పిల్లలకు మలుపుల్లో వాంతులయ్యే అలవాటుంటే ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. రెండు ఇడ్లీలంత తిండి చాలు.

కనుమ దిగగానే చెట్లు మాయం. ఎవరో దీపం ఆర్పినట్టు పచ్చదనం ఆగిపోతుంది. మేఘాలు అటువైపే కురిసి ఇటు రాలేకపోవడమే కారణం. ఇక్కణ్నుంచి లేహ్ దాకా మంచు ఎడారే.

ద్రాస్‌లో ఆగండి

ద్రాస్ ఊరు దాటగానే టోలోలింగ్ కొండ పాదం దగ్గర కార్గిల్ యుద్ధ స్మారకం ఉంటుంది. దీన్ని పది నిమిషాల ఫొటో మజిలీగా చూడొద్దు. కనీసం గంటన్నర కేటాయించండి. రోడ్డు మీంచి తలెత్తితే కనబడే ఈ బోడికొండలే 1999లో యుద్ధభూములు. శత్రువు పైన, మనవాళ్లు కింద. దాక్కోవడానికి చెట్టు కూడా లేదు. టీవీలో ఎన్నిసార్లు చూసినా అర్థంకాని విషయం ఆ ఆవరణలో నిలబడితే క్షణంలో అర్థమవుతుంది. స్మారకం గోడ మీద అమరుల పేర్లు వరసగా చెక్కి ఉంటాయి. 'మేజర్ పద్మపాణి ఆచార్య' అన్న పేరు పిల్లలతో వెతికించండి. మన హైదరాబాద్ వాసి. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్. 1999 జూన్ 28న ఇక్కడి కొండ మీదే దాడికి ముందు నడిచి ప్రాణమిచ్చారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

రాత్రికి కార్గిల్. సురు నది ఒడ్డున ఉన్న ఈ ఊరిని అందరూ పడుకుని లేచిపోయే చోటుగానే చూస్తారు. బజారులో ఎండు ఖుబానీలు దొరుకుతాయి. మన పెళ్లిళ్లలో పెట్టే ఖుబానీ కా మీఠా దీంతోనే కదా! పండు ఇక్కడ జులై, ఆగస్టుల్లో గానీ పండదు కాబట్టి మన సెలవుల్లో దొరికేవి ఎండువే.

మూడోరోజే అసలు అందం

చాలామంది ఏజెంట్లు శ్రీనగర్ - లేహ్‌ని రెండు రోజుల్లో లాగించేస్తారు. కార్గిల్‌లో లేచి సాయంత్రానికల్లా లేహ్. మూడు రోజులు కావాలని గట్టిగా అడగండి. ఆ అదనపు రాత్రి ఖర్చు పెద్దదేం కాదు. దానికి దక్కేవి రెండు. ఒళ్లు ఇంకో మెట్టు అలవాటు పడుతుంది. పైగా ఈ దారిలో మంచి భాగమంతా కార్గిల్ తర్వాతే ఉంది.

ముల్‌బెఖ్ దగ్గర రోడ్డు పక్కనే నిలువెత్తు బండ మీద మైత్రేయ బుద్ధుణ్ని చెక్కారు. తలెత్తి చూస్తే మూడంతస్తుల మేడంత. అక్కణ్నుంచి నమికా లా, ఆపైన ఫోటూ లా. జోజిలాకున్న పేరు దీనికి లేదుగానీ ఈ దారి మొత్తంలో ఎత్తయింది ఇదే, 4,108 మీటర్లు. దిగి ఫొటో తీసుకోండి, పది నిమిషాల్లో బండెక్కేయండి. పిల్లల్ని పరుగెత్తనివ్వొద్దు.

దిగుతుంటే లామయూరు. పసుపు ముద్దలు పేర్చినట్టుండే కొండలు, పైన బౌద్ధ మఠం. ఒకప్పుడిక్కడ సరస్సు ఉండేదట. అది ఎండిపోయి మిగిలిన అడుగు మట్టినే గాలీ వానా చెక్కాయి. 'చంద్రమండలం' అని పిలుచుకుంటున్నారు. మధ్యాహ్నంకంటే సాయంత్రపు ఏటవాలు ఎండలో చూడటానికి బాగుంటుంది.

రాత్రికి ఆల్చీ. మిగతా మఠాల్లా కొండకొమ్మున కాకుండా సింధునది పక్కన, చెట్ల మధ్య చదును నేల మీద ఉంటుంది. మెట్లెక్కాల్సిన పని లేదు కాబట్టి పెద్దవాళ్లకీ ఇబ్బంది ఉండదు. తొమ్మిది వందల ఏళ్లనాటి గోడ చిత్రాలు లోపల. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఒక్కో రంగూ బయటికొస్తుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఒకందుకు అదే మంచిది.

మర్నాడు లేహ్‌కి 65 కిలోమీటర్లే. నిమ్మూ దగ్గర సింధు, జన్‌స్కార్ నదులు కలిసేచోట రెండు రంగుల నీళ్లు కాసేపు విడివిడిగానే ప్రవహిస్తాయి. తర్వాత వచ్చే 'అయస్కాంత కొండ' దగ్గర బండి దానంతటదే పైకి వెళ్తుందంటారు. అది కంటిని మోసం చేసే వాలు, అంతే. పిల్లలు మారాం చేస్తే ఓ ఐదు నిమిషాలు.

సంచిలో... ఫోనులో...

ప్రయాణానికి నెలముందే కుటుంబ వైద్యుణ్ని కలవండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల విషయంలో ఆయన మాటే ఆఖరు. ఎత్తుకి అలవాటు పడేందుకు అసిటజోలమైడ్ మాత్రలు వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లకు అది ప్రమాదం కావచ్చు, సొంతంగా కొని మింగొద్దు. దారిలో తలనొప్పి తగ్గకపోతే ఇంకా పైకి వెళ్లడం మానాలి. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా ఒక్కటే మందు... వెంటనే కిందికి దిగడం, ఆసుపత్రికి వెళ్లడం. 'ఇంత డబ్బు పెట్టి వచ్చాం' అని మొహమాటపడే చోటు కాదది.

ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. శ్రీనగర్‌లో మాట్లాడుకున్న టాక్సీ లేహ్‌లో దించి వెళ్లిపోతుంది. అక్కడ ఊళ్లు తిరగడానికి లద్దాఖ్ టాక్సీలే పెట్టుకోవాలి. బేరం విడివిడిగా ఉంటుందని ముందే తెలిస్తే గొడవ ఉండదు.

కుక్కరు తీసుకెళ్లే కుటుంబాలు మనలో తక్కువేం కాదు. ఇక్కడ మాత్రం దానికి పనుంది. 3,500 మీటర్ల ఎత్తున నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉంటుంది, పప్పు అసలే ఉడకదు. వండుకునే ఓపిక లేకపోతే కొత్తావకాయ సీసా ఒకటి చాలు, రాజ్మా అన్నంలోకి అదిరిపోతుంది.

ఇంకో మాట. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర జరిగిన దాడి తర్వాత కశ్మీర్‌లో చాలా పర్యాటక ప్రాంతాలు మూసేసి, విడతలవారీగా తెరిచారు. ఆ ఏడాది సెప్టెంబరులో లేహ్‌లోనూ కర్ఫ్యూ పెట్టారు. కాబట్టి రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకోండి. బయల్దేరే వారం ముందు పరిస్థితి చూసుకోండి.

లేహ్‌లో దిగినరోజు ఊరకే కూర్చోండి. మర్నాడు కోట. సెంగె నంగ్యాల్ 17వ శతాబ్దంలో కట్టించిన తొమ్మిదంతస్తుల మట్టి, రాయి, కర్రల మేడ అది. 1830ల్లో డోగ్రా సేనలు వచ్చాక రాజకుటుంబం నది అవతల స్తోక్‌కు మారిపోయింది. పైఅంతస్తు నుంచి చూస్తే ఊరంతా అరచేతిలో. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్ల పైమాటే కాబట్టి దాన్ని లేహ్‌లో రెండు రాత్రులు పడుకున్నాకే పెట్టుకోండి.

తిరిగి రావడానికి మాత్రం నిశ్చింతగా విమానం ఎక్కొచ్చు. కిందికి దిగడానికి ఒళ్లు అలవాటు పడాల్సిన పని లేదు. కాకపోతే లేహ్ విమానాలు వాతావరణం బాగోక రద్దవుతుంటాయి. ఢిల్లీ నుంచి ఇంటికి వచ్చే రైలో విమానమో అదేరోజు కాకుండా మర్నాటికి తీసుకోండి. ఆ పూట ఢిల్లీ ఎండలో దిగగానే పిల్లలు మొదట అడిగేది, స్వెట్టర్లు ఎక్కడ పెట్టాలని!