చలికి వేళ్లు తెల్లబడుతున్నాయా? రక్తప్రసరణను చూపే న్యూక్లియర్ స్కానింగ్

డిసెంబరు, జనవరి మాసాల్లో తెల్లవారుజామున చల్లటి నీళ్లలో చేతులు పెట్టగానే కొందరి వేళ్లు సున్నం పూసినట్లు తెల్లబడతాయి. తర్వాత నీలంగా మారి, వెచ్చదనం తగిలాక ఎర్రబడి మంట పుడతాయి. వేళ్లలోని సన్నని రక్తనాళాలు చలికి అతిగా బిగుసుకుపోవడమే ఇందుకు కారణం. 1862లో దీనిని వివరించిన ఫ్రెంచి డాక్టరు మోరిస్ రేనో పేరు మీదుగా దీనిని రేనో జబ్బు అంటాము. తిమ్మిరి చూసి కుష్టేమోనని భయపడి చేతులు దాచుకునేవారున్నారు. కుష్టు మచ్చ చలికి వచ్చి వేడికి పోయేది కాదు. ఏదైనా సరే, దాచుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతంలో నాపరాయి గనులున్నాయి కాబట్టి ఇంకో మాట. 1918లో డాక్టరు ఆలిస్ హామిల్టన్ అమెరికాలోని బెడ్‌ఫర్డ్‌లో సున్నపురాయి చెక్కేవారిని పరీక్షించారు. గాలితో నడిచే సుత్తుల అదురు వల్ల వారి వేళ్లు చలికి తెల్లబడుతున్నాయని గుర్తించారు. మన నాపరాయి కూడా సున్నపురాయి జాతిదే. అయితే తప్పు రాయిది కాదు, మిషను అదురుది. డ్రిల్లింగ్ మిషను పట్టేవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక స్కానింగ్ సంగతి. టెక్నీషియం-99ఎం అనే పదార్థాన్ని కొద్దిగా రక్తనాళంలోకి ఇంజెక్షన్ చేస్తారు. (దీనిని మాలిబ్డినం ఉన్న చిన్న పెట్టెలోంచి తీస్తారు. ఆ పనిని అక్కడివారు ‘ఆవును పితకడం’ అంటారు!) రక్తంతో పాటు అది వేళ్లకు చేరుతుంటే గామా కెమెరా క్షణక్షణం బొమ్మ తీస్తుంది. కెమెరా మనమీదికి కిరణాలు వదలదు, మన ఒంట్లోంచి వచ్చేవాటిని పట్టుకుంటుంది, అంతే. కొన్నిచోట్ల ఒక చేతిని చల్లటి నీటిలో ఉంచి, రెండు చేతులనూ పోల్చి చూస్తారు. ఏ వేలికి రక్తం ఆలస్యంగా, తక్కువగా అందుతోందో తెలుస్తుంది. మందు వాడాక మెరుగుపడిందా అన్నదీ చూడవచ్చు.

ఆ పదార్థం శక్తి ప్రతి 6 గంటలకు సగమవుతుంది. ఒక రోజుకు పదహారో వంతే మిగులుతుంది. మూత్రంలోనూ పోతుంది కనుక నీళ్లు బాగా తాగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి.

అందరూ దీనికోసం పరుగెత్తనక్కర లేదని మా అభిప్రాయం. రేనో జబ్బును చాలావరకు రోగి చెప్పే మాటలతోనే గుర్తించవచ్చు. ఈ స్కానింగ్ రక్తం తగ్గిందని చెబుతుంది గాని ఎందుకు తగ్గిందో చెప్పదు. చర్మం బిగుసుకోవడం, కీళ్లనొప్పులు ఉంటే స్క్లెరోడెర్మా, లూపస్ వంటివి ఉన్నాయేమోనని ఏ.ఎన్.ఏ. రక్తపరీక్ష, గోటి మొదళ్ల పరీక్ష ముందు చేయిస్తారు. స్కానింగ్ అవసరమని డాక్టరు చెబితే తిరుపతి స్విమ్స్‌లో, వెల్లూరు సి.ఎం.సి.లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. ఈ పరీక్ష చేస్తారా అని ముందుగా విచారించి బయలుదేరండి.

ఈలోగా బీడీ, సిగరెట్టు పూర్తిగా మానండి. బి.పి.కి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా ఇది ఎక్కువ కావచ్చు, కాబట్టి మీ మందుల చీటీ వెంట తెచ్చుకోండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరే ఆపవద్దు. వేలి కొసన పుండు పడినా, నల్లబడినా ఆ రోజే ఆసుపత్రికి రండి.