ఊరి గాలి ఒక్కటే మందు కాదు

బడి మానేసి, తగాదాలకు దిగి, పోలీసుల కంటపడిన పదిహేనేళ్ల కుర్రాణ్ని పట్నానికి దూరంగా పొలాల మధ్య పెడితే దారిలో పడతాడన్న నమ్మకం కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో 1839లో మెత్రే వ్యవసాయ కాలనీని స్థాపించింది ఈ నమ్మకంతోనే. అనంతపురం జిల్లా గుత్తి చుట్టుపక్కల ఇలాంటి ఆశ్రమం పెడదామంటే ఎవరూ కాదనరు. నేల చవక, సినిమా హాళ్ల గోల తక్కువ. అయితే ఇంతవరకు దొరికిన ఆధారాలను బట్టి చూస్తే, కుర్రాడు ఏ ఊళ్లో ఉన్నాడన్నదానికన్నా ఎవరి మధ్య ఉన్నాడన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అధ్యయనంలో కొందరు బాలురకు ఏళ్ల తరబడి సలహాదారులను ఇచ్చారు, వేసవి శిబిరాలకూ పంపారు. సుమారు ముప్పై ఏళ్ల తరువాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ ఆరా తీస్తే, ఏ సాయమూ అందని బాలురకన్నా వీళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. ఒకటికి మించి శిబిరాలకు వెళ్లినవాళ్లే మరీ దెబ్బతిన్నారు. కారణం ఆరెగాన్‌లో మనస్తత్వవేత్త టామ్ డిషియన్ పరిశీలనల్లో కనిపిస్తుంది: ఒకడు తన దొంగతనం గొప్పగా చెబితే పక్కవాడు నవ్వుతాడు, ఆ నవ్వే బహుమతి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ కారు నడిపే ఆటతో చేసిన ప్రయోగంలోనూ స్నేహితులు పక్కనుంటే కౌమారంలోని పిల్లలు ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు. మరి తుంటరులందరినీ ఒకే హాస్టల్లో చేర్చి ఏం సాధిద్దామని? 1998లో చేంబర్లెయిన్, రీడ్ 79 మంది బాలురను పరిశీలించినప్పుడు, పిల్లల్ని తాత్కాలికంగా చేరదీసే, శిక్షణ పొందిన ఫాస్టర్ కుటుంబాల్లో ఉన్నవాళ్లు గ్రూప్ హోముల్లో ఉన్నవాళ్లకన్నా తక్కువ నేరాలు చేశారు, పారిపోయినవాళ్లూ తక్కువే.

నాలుగు దెబ్బలు, కఠిన క్రమశిక్షణ ఉంటే చాలదా అంటారు. మార్క్ లిప్సీ 2009లో బాలనేరస్థుల దిద్దుబాటు కార్యక్రమాలపై 548 అధ్యయన నమూనాలను కలిపి లెక్కవేస్తే, మానసిక సహాయం, నైపుణ్యాలు నేర్పడం పనిచేశాయి. క్రమశిక్షణే ఆయుధంగా నడిచినవి ప్రయోజనం చూపలేదు. ఇల్లే నరకమైతే, లేదా ఇంట్లో అమ్మానాన్నలే లేకపోతే ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా దక్కడం కష్టమైన జిల్లా అనంతపురం; పంట పోతే అమ్మానాన్న బెంగళూరుకు వలస, పిల్లవాడు అవ్వ దగ్గర. పారిపోదామంటే కళ్ల ముందే రైల్వే జంక్షన్. ఇలాంటి కొందరికి కొన్నాళ్లు వేరే చోటు అవసరమే, ఒప్పుకోవాలి. కాన్సాస్‌లో 1967లో మొదలైన అచీవ్‌మెంట్ ప్లేస్ ఓ దారి చూపింది: ఒక ఇల్లు, ఆరేడుగురు బాలురు, వాళ్లతోనే కాపురముండే శిక్షణ పొందిన దంపతులు.

మన 2015 బాలల న్యాయ చట్టం కూడా సంస్థలో ఉంచడం చివరి మార్గంగానే చూడాలంటుంది, ఫాస్టర్ సంరక్షణకూ చోటిచ్చింది. మేనమామో అవ్వో పిల్లవాణ్ని చేరదీయడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. వాళ్లకు శిక్షణ, నెలనెలా కొంత డబ్బు, వారానికోసారి వచ్చే కౌన్సిలర్ కావాలి. ఎవరైనా గుత్తిలో కేంద్రం పెట్టదలిస్తే పెద్ద ప్రహరీ హాస్టల్ వద్దు. బడికీ బస్టాండుకీ దగ్గర్లో, కన్నవాళ్లు ఆదివారం వచ్చిపోగలిగే చోట రెండు మూడు అద్దె ఇళ్లతో మొదలుపెట్టడం మేలు.