తనే ఆడే బొమ్మా? మిమ్మల్ని ఆడించే బొమ్మా?

బాలలూ! మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తిరునాళ్ళు జరిగితే మా నందిగామ, జగ్గయ్యపేటల నుంచి బస్సులు కిటకిటలాడుతూ పోతాయి. మీ ఊరి పక్కనా అలాంటి తిరునాళ్ళు ఉండే ఉంటాయి. అక్కడ నాన్న మీ చేతిలో వంద రూపాయలు పెట్టి, "నీకిష్టమైన బొమ్మ కొనుక్కో" అన్నాడనుకోండి. ఏది కొంటారు? బ్యాటరీతో గిర్రున తిరిగే కారా? స్కిప్పింగ్ తాడా? రబ్బరు బంతా? బొంగరమా?

మీ చూపు కారు మీదికే పోతుందని నాకు తెలుసు. కాని డబ్బు ఇచ్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. "ఈ బొమ్మతో నా ఒళ్ళు ఏం పని చేస్తుంది?" కారు తనే తిరుగుతుంది, మీరు కూర్చుని చూస్తారు. తాడు తనంతట తాను ఏమీ చేయదు. మీరే ఎగరాలి! ఎదిగే వయసులో ఈ తేడా చిన్నది కాదు. ఎందుకో చూద్దాం.

ఎముకకు మేస్త్రీ ఎవరు?

ఎముక రాయిలాంటిదని చాలామంది అనుకుంటారు. కాదు, అది ప్రాణమున్న కణజాలం. కాళ్ళు, చేతుల పొడవాటి ఎముకల చివరలకు దగ్గరగా మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. దాని గట్టిదనం మాత్రం చాలావరకు దానిమీద పడే బరువును బట్టి ఉంటుంది. మీరు ఎగిరి దిగిన ప్రతిసారీ మీ బరువుకు కొన్ని రెట్ల బలం కాళ్ళ ఎముకల మీద పడుతుంది. ఎముకలోని కణాలు ఆ ఒత్తిడిని గుర్తించి, అక్కడ కాల్షియం, ఫాస్ఫరస్‌లు చేరేలా చేస్తాయి.

జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి దొరుకుతుంది, దానితో సిమెంటు చేస్తారు. సిమెంటు బస్తాలు వాకిట్లో పడేసినంత మాత్రాన ఇల్లు లేస్తుందా? మేస్త్రీ రావాలి గదా! పాలు, రాగులు, నువ్వులు సిమెంటు తెచ్చిపెడతాయి. గెంతులాట మేస్త్రీ పని చేస్తుంది. రెండూ ఉండాలి.

ఈ కట్టుబడి అన్ని వయసుల్లోనూ ఒకే వేగంతో సాగదు. ఎముకల్లో ఖనిజాలు అన్నిటికంటే జోరుగా చేరేది ఆడపిల్లల్లో సుమారు 12, 13 ఏళ్ళకు, మగపిల్లల్లో సుమారు 14 ఏళ్ళకు. 20 ఏళ్ళు వచ్చేసరికి జీవితకాలపు ఎముక సంపదలో దాదాపు 90 శాతం సమకూడిపోతుంది. ముసలితనంలో ఖర్చు పెట్టుకోవలసింది ఆ సంపదనే.

మరి మనం ఏం చేస్తున్నాం? సరిగ్గా ఆ వయసులోనే, "పెద్దదానివయ్యావు, ఇంకా గెంతులేమిటి?" అని ఆడపిల్ల చేతిలోని తాడు లాగేసుకుంటాం! ఆటల పీరియడ్‌లో గోడకు ఆనుకుని కూర్చునే ఎనిమిదో తరగతి అమ్మాయిలను చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

వేళ్ళకు, చెవికి కూడా ఆటే

ఎగురుడు ఒక్కటే చాలదు. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మృదులాస్థి ముక్కలు. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే ఎముకగా మారుతుంది. గులకరాళ్ళతో అచ్చనగిల్లలు ఆడితే ఆ చేతికి నేర్పు వస్తుంది, కంటికీ వేళ్ళకూ పొత్తు కుదురుతుంది. దీనికి కానీ ఖర్చు లేదు.

తొక్కుడు బిళ్ళలో ఒంటికాలి మీద గెంతుతారు గదా. పడిపోకుండా కాపాడేది ఎవరు? కాలే కాదు, చెవి కూడా! లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార కుల్యల్లో ద్రవం కదలగానే తల ఎటు తిరిగిందో మెదడుకు కబురు వెళుతుంది. వెంటనే చిన్నమెదడు కండరాలను సర్దుతుంది. బొంగరం విసరడంలో భుజానికీ మణికట్టుకూ పని ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి, లక్క రంగులు పూసే బొంగరాలు ఎంత నున్నగా ఉంటాయో!

మరి మన కొండపల్లి బొమ్మ? దాన్ని తేలికైన తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. విసిరితే విరుగుతుంది. అది కంటికీ ఊహకూ విందు. కొలువులో పెట్టండి. కాళ్ళకు వేరే బొమ్మ వెతకండి.

కొనేముందు

పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తుల వారి బొమ్మలకు మినహాయింపు ఉంది. తాడు మధ్యలో తొక్కి నిలబడితే పిడులు చంకల దాకా రావాలి. బొంగరం మేకు ఉన్నచోట చిన్నపిల్లలను దగ్గరకు రానివ్వకండి. బిళ్ళ బ్యాటరీ మింగితే ప్రాణానికే ముప్పు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అందనీయకండి.

5 నుంచి 17 ఏళ్ళ వారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలనీ, వారానికి మూడు రోజులైనా ఎముకలకు బలమిచ్చే ఆటలు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

మీరే చేసి చూడండి

పక్కన ఒక స్నేహితుణ్ణి నిలబెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒంటికాలిపై నిలబడండి. ఎన్ని అంకెలు లెక్కపెట్టగలిగారో రాసుకోండి. నెల రోజులు తొక్కుడు బిళ్ళ ఆడి, మళ్ళీ లెక్కించండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకొక్క మాట. ఈసారి తిరునాళ్ళలో తాడు కొంటే ఒకటి కాదు, రెండు కొనండి. రెండోది అక్కకు ఇవ్వండి. ఎవరైనా "గెంతులేమిటి" అంటే, ఈ పేజీ చదివి వినిపించండి.