ఆ ట్రంకు పెట్టె తాళం ఎవరి దగ్గరుండాలి?

1955లో సికింద్రాబాద్‌లో పి.ఆర్. వెంకటస్వామి ఇంగ్లీషులో రెండు భాగాల పుస్తకం ఒకటి అచ్చువేయించారు. పేరు ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్’. హైదరాబాద్ సంస్థానంలో దళిత ఉద్యమం ఎలా నడిచిందో లోపలి మనిషి రాసిన చరిత్ర అది. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు, శ్యామ్‌సుందర్ వంటి నాయకుల సభలూ సంఘాలే కాదు, వాళ్ల మధ్య తగాదాలు కూడా అందులో దాపరికం లేకుండా ఉన్నాయి. నిజాం కాలపు దళిత ఉద్యమం మీద ఇవాళ ఎవరు పరిశోధన చేసినా ఆ పుస్తకం గడప తొక్కాల్సిందే. చాలా ఏళ్లపాటు అది చేతికి దొరకడమే గగనమైంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చువేశాకే విద్యార్థులకు అందింది.

వెంకటస్వామి ఉద్యమంలో తిరిగిన మనిషి. ఆర్కైవిస్టు అని తనకు తాను పేరు పెట్టుకుని ఉండరు. కానీ ఒక సమూహం తన కాగితాలను, జ్ఞాపకాలను తానే దాచుకుని, తానే వరుసలో పెట్టుకుని, ఎవరికి ఎంత చూపాలో తానే తేల్చుకోవడాన్ని ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో కమ్యూనిటీ ఆర్కైవ్ అంటున్నారు. ప్రభుత్వ ఆర్కైవ్‌లో మనవాళ్లు అసలు కనబడరని కాదు. అర్జీదారులుగా, బాధితులుగా, జనాభా లెక్కల్లో అంకెలుగా కనబడతారు. సభకు చందా ఎవరిచ్చారు, ఎవరు అలిగి వెళ్లిపోయారు, వచ్చినవాళ్లందరికీ వంట ఎవరు చేశారు అన్నది అక్కడ దొరకదు.

కారంచేడు 1985 జూలై 17న జరిగింది. చుండూరు 1991 ఆగస్టు 6న. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసి నిందితులను వదిలేసింది. ఆ రోజుల కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, శిబిరాల్లో తీసిన ఫోటోలు, పాటల క్యాసెట్లు కోర్టు ఫైలులో లేని కథ చెబుతాయి. వాటిని దాచినవాళ్లు ఇప్పుడు అరవైలు, డెబ్బైలు దాటినవాళ్లు. ఆ తరం వెళ్లిపోయాక ట్రంకు పెట్టె ఉన్నా, ఫోటోలో మూడో వరుసలో నిలబడ్డ ఆమె ఎవరో చెప్పే మనిషి ఉండరు.

ఈ పనినే చదువుగా, ఉద్యోగంగా చేసుకున్నవాళ్లున్నారు. మిషెల్ కాస్వెల్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఖ్మేర్ రూజ్ జైలులో చంపేముందు తీసిన ఖైదీల ఫోటోల మీద ఆమె 2014లో పుస్తకం తెచ్చారు. అంతకుముందే, 2008లో, సమీప్ మల్లిక్‌తో కలిసి అమెరికాలోని దక్షిణాసియా వాసుల కోసం ‘సాడా’ అనే డిజిటల్ ఆర్కైవ్ మొదలుపెట్టారు. సాడా పద్ధతి మనకు పనికొచ్చేది: అసలు కాగితం ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంటుంది, స్కాన్ చేసిన ప్రతి మాత్రమే ఆర్కైవ్‌కు వెళుతుంది. (‘దక్షిణాసియా’ అనే పెద్ద గొడుగు కింద కులం ఎంతవరకు కనబడుతుందన్నది మనం అడగాల్సిన ప్రశ్నే. పద్ధతి మంచిదైనంత మాత్రాన ఆ ప్రశ్న తీరిపోదు.)

స్కాన్ చేయడం ఈ పనిలో సులువైన భాగం. కష్టమంతా దానికి వివరం రాయడంలో ఉంది. దీన్నే మెటాడేటా అంటారు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ పేరుతో తలపెట్టిన సమావేశానికి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. ‘పంచమ’ అన్న పేరు మాకొద్దు, మేం ఈ నేలకు మొదటి మనుషులం అన్న వాదన అక్కడ గెలిచి, అది ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. ఆ సభ కాగితాన్ని స్కాన్ చేసినవాడు వివరం గడిలో ‘హరిజన సభ’ అని కొట్టి పారేస్తే, ఆ రోజు సాధించిన దాన్ని ఒక్క మాటతో చెరిపేసినట్టే. వెతికేవాళ్లకు దొరకాలి కాబట్టి ఇవాళ్టి మాట కూడా రాయాలి. కానీ ఆనాడు వాళ్లు తమను ఏమని పిలుచుకున్నారో అది ముందు రాయాలి. ఈ తేడా తెలియడానికి సాఫ్ట్‌వేర్ చాలదు, చరిత్ర చదివి ఉండాలి. అందుకే ఇది టెక్నీషియన్ పని అనుకునేవాళ్లతో నాకు పేచీ.

ఇక డిజిటల్ అయింది కదా, భద్రంగా ఉంటుందిలే అనుకోవద్దు. మన దగ్గర పెద్ద ఉదాహరణ ఫాంట్లే. 1990లలో, ఆ తర్వాత కూడా మన పత్రికలు, కవితా సంకలనాలు ఎన్నో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ అయ్యాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టాయి. ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. తెలుగు 1991 నుంచే యూనికోడ్‌లో ఉంది, డీటీపీ సెంటర్లు మాత్రం అటు రావడానికి చాలా కాలం పట్టింది. అచ్చయిన ప్రతి చెదలు తినకపోతే నలభై ఏళ్ల తర్వాతా చదవొచ్చు. దాని ఫైలు పదేళ్లకే మూగబోవచ్చు. అలాంటి ఫైళ్లుంటే పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే ఫాంటు ఇమిడి ఉండే పీడీఎఫ్ ఒకటి, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం ఒకటి తీసిపెట్టుకోవాలి.

ఫోటోలు, కాగితాలైతే మూల ప్రతిని టిఫ్‌లో దాచి, పంచుకోవడానికి జేపెగ్ వేరుగా చేసుకోవాలి. వాట్సాప్‌లో పంపిన ఫోటోను మూల ప్రతిగా లెక్కపెట్టకూడదు, అది పిండి కుదించి పంపుతుంది. క్యాసెట్‌ను ముందు వేవ్ ఫైలుగా, 24 బిట్‌లో ఎక్కించాలి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ అనే వేలిముద్ర లాంటి సంఖ్య తీసి రాసిపెట్టుకుంటే, ఏడాది తర్వాత మళ్లీ తీసి చూసినప్పుడు అది మారిందంటే ఫైలు ఎక్కడో చెడిందని అర్థం. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో. వేరే ఊరు ఎందుకంటే, 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకే నీళ్లొచ్చి పుస్తకాలు, పత్రికలు తడిసిపోయాయి.

చదువు సంగతికొస్తే, ఉస్మానియాలో, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్స్ ఉంది. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి ఏడాది డిప్లొమా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దళిత, ఆదివాసీ అధ్యయనాలు, అనువాద కేంద్రం ఉంది. చరిత్ర ఒకచోట, సాంకేతికత మరోచోట, ఉద్యమం ఇంకోచోట నేర్చుకుని మనమే అతుకు వేసుకోవాలి. ఆ తర్వాత దొరికేది తరచూ ప్రాజెక్టు ముగిస్తే పోయే కాంట్రాక్టు ఉద్యోగం. స్థిరమైన అధ్యాపక ఉద్యోగం వచ్చినా, యూజీసీ పాయింట్ల పట్టికలో పరిశోధనా పత్రానికి గడి ఉంటుంది, మూడేళ్లు పేటలు తిరిగి తయారుచేసిన కేటలాగ్‌కు ఉండదు.

విదేశాల్లో ఇదే చదవాలంటే మరో గోడ. షెడ్యూల్డ్ కులాల తదితర వర్గాల విద్యార్థులకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలను 2022లో మార్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనకు అది వర్తించదన్నారు. అంటే కాస్వెల్ పనిచేసే చోటికి వెళ్లి చుండూరు కాగితాల మీద పరిశోధన చేస్తానని ఒక దళిత విద్యార్థి రాస్తే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మన చరిత్ర మీద విదేశీయులు పరిశోధన చేయొచ్చు, డబ్బున్నవాళ్ల పిల్లలు చేయొచ్చు. మనం మాత్రం వాళ్లకు ఇళ్లు చూపించి, పెద్దవాళ్లతో మాట్లాడించి, పుస్తకం ముందుమాటలో ఒక కృతజ్ఞత వాక్యమై మిగలాలన్నమాట.

ఈ దారిలోకి వచ్చే విద్యార్థి మొదట నేర్చుకోవాల్సింది ఒప్పందం రాయడం. దాడికి గురైన స్త్రీ చెప్పిన మాట, సాక్షి ముఖం ఉన్న ఫోటో నెట్‌లో పెట్టవచ్చా? ఊళ్లో అవతలివాళ్లు ఇంకా పక్క వీధిలోనే ఉన్నారు. ఆస్ట్రేలియాలోని టెనెంట్ క్రీక్‌లో వారుముంగు ఆదివాసులతో కింబర్లీ క్రిస్టెన్ చేసిన పని నుంచి ‘ముకుర్తు’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏది అందరూ చూడొచ్చు, ఏది కుటుంబం మాత్రమే చూడాలి, ఏది స్త్రీలకే అన్నది అందులో ఆ సమూహమే నిర్ణయిస్తుంది. సాఫ్ట్‌వేర్ లేకున్నా ఒక తెల్లకాగితం మీద ఇవన్నీ తెలుగులో రాసుకోవచ్చు: అసలు ఎవరిది, ప్రతి ఎక్కడుంటుంది, ఎవరు చూడొచ్చు, ఇంటివాళ్లు మనసు మార్చుకుంటే ఎన్నాళ్లలో తీసేస్తారు. ఇచ్చినవాళ్లకు చదువు రాకపోతే పైకి చదివి వినిపించాలి. తీసుకున్నవాడు కూడా సంతకం పెట్టాలి. ఒక ప్రతి ఆ ట్రంకు పెట్టెలోనే, కరపత్రాల పక్కన పెట్టి రావాలి.