తెరకు పట్టిన పచ్చకామెరలు

పచ్చకామెరలవానికి లోకమంతయు పచ్చగా కనిపించునని మన పెద్దల మాట. మనిషికి ఆ జబ్బు వచ్చినచో డాక్టరు కన్ను చూచి చెప్పగలడు. మేజామీది కంప్యూటరు తెరకే వచ్చినచో ఎవరు చెప్పవలెను? ఈ ప్రశ్న మాకు ఊరక తోచినది కాదు. ఒక పెద్దమనిషికి, తాను చేయని తప్పునకు, జీతములో కోత పడిన పిమ్మట తోచినది. ఆ సంగతి ముందు మనవి చేసి, తెర వెలుగును, రంగులను సరిచేసికొను విధము తరువాత వ్రాసెదము.

మేము షోలాపూరులో ఒక తువ్వాళ్ళ కార్ఖానాలో గుమాస్తాగా పనిచేయుచున్నాము. మన పద్మశాలీ కుటుంబములు తెలంగాణమునుండి ఈ ఊరు చేరి తరములు గడచినవి. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. లెక్కలు ఏ భాషలో వేసికొందుమో మాకే తెలియదు. షోలాపూరు దుప్పటి యనగా ఎరుగని తెలుగు ఇల్లాలుండదు. ఆ దుప్పటికి పేరు తెచ్చినవాడు నేతగాడొక్కడే కాదు. నూలుకు రంగు వేసినవాడును.

మా కార్ఖానాలో అట్టి పెద్దాయన యొకరు కలరు. మరాఠీవారు రంగారి యందురు. మేము రంగుల మామ యందుము. ఆయన బడికి పోయినది నాలుగవ తరగతి వరకే. రంగు తొట్ల వద్ద నిలిచినది ముప్పదియైదు సంవత్సరములు. తడినూలును చూచి, అది ఆరిన తరువాత ఏ ఛాయకు వచ్చునో చెప్పగలరు.

మూడేండ్ల క్రిందట ఒక సాయంకాలము ముంబయి వర్తకుడొకడు ఫోనులో ఫొటో పంపి, “ఈ రంగున ఆరువందల తువ్వాళ్ళు కావలెను, త్వరపడుడు” అనెను. ఆ ఫొటోను మా తెరమీద పెద్దది చేసి, షేడ్ కార్డును ప్రక్కన పట్టుకొని పోల్చి చూచితిమి. బూడిద కలిసిన లేత ఆకుపచ్చ యని మాకు తోచెను. కార్డులోని ఆ ఛాయ అంకెను చీటిమీద వ్రాసి మామకిచ్చితిమి. మామ ఆ అంకెకు వెంట్రుకవాసి తేడా రానీయక రంగు వేసెను. సరకు తయారై ముంబయి పోయెను. వారము తిరుగకమునుపే అంతయు వాపసు వచ్చెను. “మేమడిగినది ఆకాశనీలము, మీరు పంపినది చెరువు పాచి” అని వర్తకుని జవాబు.

రంగు తప్పినది గనుక రంగు వేసినవానిదే తప్పని యజమాని తేల్చిరి. ఆ నెల మామ జీతములో 2,000 రూపాయలు కోత పడెను. మామ నోరు మెదపలేదు. చీటి వ్రాసిన మేమును మెదపలేదు. ఫొటోను మరల తెరచి చూచితిమి, ఆకుపచ్చగానే యుండెను. కావున మా తప్పు లేదని మనసుకు సమాధానము చెప్పుకొంటిమి.

పది దినముల తరువాత మామ సెలవు చీటి వ్రాయించుకొనుటకు మా గదికి వచ్చెను. మేము తెరమీద ఖాళీ పుటను తెరచి, చేతిలో తెల్లకాగితము పట్టుకొని యుంటిమి. మామ కాగితమును, తెరను మార్చి మార్చి చూచి, “అల్లుడూ, నీ చేతిల కాయితం తెల్లగున్నది. పెట్టెల కాయితం పసుపు నీళ్ళల్ల ముంచినట్టున్నది. తెల్లదే తెల్లగ లేనప్పుడు నీలం నీలంగ ఎట్ల కనబడ్తది?” అనెను.

మా ముఖము వెలవెలబోయెను. అంతకు కొన్ని నెలల ముందు కండ్లు మండుచున్నవని మేము కంప్యూటరులో నైట్ లైట్ అను ఏర్పాటును చివరివరకు జరిపి, రాత్రింబవళ్ళు అట్లే యుంచితిమి. రెండు మూడు దినములలో కన్ను దానికి అలవాటుపడినది. అది యున్నదను సంగతియే మరచితిమి. అప్పటికప్పుడు దానిని ఆపి, వర్తకుని ఫొటోను తెరచితిమి. శరత్కాలపు ఆకాశమువలె నీలముగా నుండెను.

యజమాని వద్దకు పోయి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. మామ సొమ్ము మామకు వచ్చినది. రెండు నెలలు వేయి చొప్పున మా జీతములో పోయినది. అంతటితో ఋణము తీరినదనుకొంటిమి. మామ మాత్రము, “పైసలు వచ్చినయి, మంచిదే. పది రోజులు పనోళ్ళంత నా కండ్లు పోయినయన్నరు. అది ఎవరు తెచ్చిస్తరు?” అనెను. ఆ మాటకు మా వద్ద నేటికిని జవాబు లేదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

తెరలో రంగులెట్లు పుట్టును?

భూతద్దము పెట్టి చూచినచో తెరయంతయు సన్నని గళ్ళు కనిపించును. ఒక్కొక్క చుక్కలో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు దీపములు. సాధారణమైన తెరలో ఒక్కొక్క దీపమునకు 0 నుండి 255 వరకు 256 మెట్లు. మూడింటి కలయికవలన 1,67,77,216 రంగులగును. మూడును నిండుగా వెలిగినచో తెలుపు. మూడును ఆరినచో నలుపు. తొట్టిలో రంగులు కలుపుకొలది ముదురగును. తెరలో వెలుగులు కలుపుకొలది తెలుపగును. మామ విద్యకును మా విద్యకును భేదమిచ్చటనే యున్నది.

మూడు వెలుగులతో అన్ని రంగులను చూపవచ్చునని 1861లో లండనులో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అను శాస్త్రవేత్త ఒక గళ్ళ రిబ్బను ఫొటోతో చూపించెను. మొట్టమొదటి రంగుల ఫొటోలలో నొకటి నేత గుడ్డదగుట నేతవారి బిడ్డలమైన మనకు సంతోషమే. ఆయన పేరు నడుమ ఇంగ్లీషు అక్షరములలో గుమాస్తా అను మాట యుండుట మాకు అదనపు సంతోషము.

నైట్ లైట్ చేయు పని యేమనగా, ఈ మూడింటిలో నీలపు దీపమును బాగుగా తగ్గించుట. లేతనీలములో నీలము తగ్గినచో మిగిలిన ఆకుపచ్చ పైకి తేలును. మాకు జరిగినది అదియే. ఆపిల్ ఫోనులలో ఇట్టి ఏర్పాటు 2016లోను, విండోస్ కంప్యూటరులలో 2017లోను వచ్చినది. రాత్రివేళ ఉత్తరములు చదువుకొనువారికి దానివలన నష్టము లేదు. రంగు చూచి డబ్బు లెక్కపెట్టువారికి మాత్రము పనికిరాదు.

తెలుపులోను తరతమములున్నవి. కొలిమిలో ఇనుము మొదట ఎఱ్ఱనై, పిదప పసుపై, మరింత వేడికి తెల్లనగును. అందుచేత వెలుగు ఛాయను కెల్విన్ అను వేడి కొలతలో చెప్పుదురు. పాత బల్బు పసుపు వెలుగు సుమారు 2,700. పగటి వెలుగుకు ప్రమాణముగా తీసికొన్నది 6,500. కొన్ని తెరలలో 9,300 అను మెట్టు కూడ నుండును. అందులో తెలుపు నీలిమందు ఎక్కువైన పంచెవలె కనిపించును. 1996లో రెండు అమెరికా కంపెనీలు ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ అను రంగుల ప్రమాణమునకు కూడ ఈ 6,500 తెలుపే ఆధారము.

సరిచేసికొను విధము

మొదట తెరను ఆపి, మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడువుడు. నీళ్ళుగాని, మందుగాని తెరమీద చిమ్మరాదు. కిటికీ వెలుగు తెరమీద పడకుండ, మీ కండ్లలోనికి సూటిగా రాకుండ, ప్రక్కనుండి వచ్చునట్లు మేజాను జరుపుకొనుడు. తెరను వెలిగించి అరగంట ఆగుడు. అప్పటికి వెలుగు నిలకడకు వచ్చును.

తరువాత నైట్ లైట్‌ను ఆపుడు. తనంతట తానే వెలుగు హెచ్చుతగ్గులు చేయు ఏర్పాటులున్నచో వానిని కూడ ఆపుడు. తెర అంచున గాని, వెనుక గాని మెనూ అను మీట యుండును. దానిని నొక్కి, సినిమా, ఆటలు, వివిడ్ అను పేర్లుగల మెట్లను విడిచి, ఎస్‌ఆర్‌జీబీ గాని, 6,500 గాని ఉన్నచో దానిని ఎంచుకొనుడు. దుకాణములో పదితెరల నడుమ తన తెరయే మెరయవలెనని వివిడ్ వంటి మెట్లు పెట్టుదురు. ఇంటికి అవి పనికిరావు.

ఇప్పుడు బ్రైట్‌నెస్. పాత గాజుగొట్టపు పెట్టెలలో ఈ మీట నలుపు ఎంత నల్లగా నుండవలెనో నిర్ణయించెడిది. నేటి పలుచని తెరలలో వెనుకనున్న దీపము వెలుగును హెచ్చించును, తగ్గించును. పరీక్ష సులభము. ఖాళీ తెల్లపుటను తెరచి, దాని ప్రక్కన తెల్లకాగితమును పట్టుకొనుడు. తెర దీపమువలె వెలుగుచున్నచో ఎక్కువైనదన్నమాట. మసిబట్టవలె నున్నచో తక్కువైనదన్నమాట. రెండును ఒకేతీరున కనిపించువరకు జరుపుడు. రంగులపని చేయువారు సాధారణముగా చదరపు మీటరునకు 80 నుండి 120 కాండెలాల వెలుగు పెట్టుకొందురు. కొలిచే సాధనము లేనివారికి కాగితమే సాధనము.

కాంట్రాస్ట్‌ను కంపెనీ పెట్టినచోటనే యుంచుట చాలవరకు మేలు. విండోస్ వెతుకు గడిలో ‘కాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్’ అని అడిగినచో ఒక పరీక్ష తెరచుకొనును. అందులో నల్లకోటు మనిషి బొమ్మ కలదు. కోటు, చొక్కా వేరువేరుగా తెలియవలెను. వెనుక నున్న ఎక్స్ గుర్తు కనబడీ కనబడనట్లుండవలెను. అది బ్రైట్‌నెస్ పరీక్ష. తెల్లచొక్కా ముడుతలు, గుండీలు చెరిగిపోరాదు. అది కాంట్రాస్ట్ పరీక్ష. గామా యనునది నలుపుకు తెలుపుకు నడుమనున్న ఛాయల మెట్లను తీర్చును, దానికి 2.2 వాడుక. కడపట బూడిదరంగు పట్టెలు కనిపించును. అవి పొయ్యిలోని బూడిదవలె నుండవలెను. అందులో ఎఱుపుగాని, పచ్చగాని, నీలముగాని తొంగిచూడరాదు. చూచినచో ఆ రంగు మీటను తగ్గించుడు. అచ్చుపనివారు తెరకు తగిలించి రంగు కొలుచు యంత్రమును వాడుదురు. కంటితో చేసినది దానికి సాటి రాదు. అయినను అసలు చేయనిదానికన్న మేలు.

కొన్ని చవుక తెరలను క్రిందినుండి చూచిన ఒక రంగు, పైనుండి చూచిన మరియొక రంగు. సూటిగా కూర్చుండియే రంగు నిర్ణయింపుడు.

కండ్ల మంట సంగతి

మేము నైట్ లైట్ పెట్టినది కండ్ల మంటకు గదా! అదియును తప్పు వైద్యమే. తెరనుండి వచ్చు నీలపు వెలుగు కంటిని చెరచునని రుజువు లేదని అమెరికా నేత్రవైద్యుల అకాడమీ చెప్పుచున్నది. మనము సాధారణముగా నిమిషమునకు 15 సారులు రెప్ప వేయుదుము. తెర ముందు కూర్చున్నప్పుడు అది సగమునకు, ఇంకను తక్కువకు పడిపోవును. కన్ను ఎండి మండును. చీకటిగదిలో తెర వెలుగు ఎక్కువగా నున్నచో మరింత శ్రమ. తెరకు సుమారు 25 అంగుళముల దూరమున కూర్చుండుడు. ప్రతి 20 నిమిషములకు 20 అడుగుల దూరమునున్న వస్తువును 20 సెకండ్లు చూడుడు. వెలుగు తగ్గించి, ఈ నియమము పాటించిన తరువాత మా కండ్ల మంట చాలవరకు తగ్గినది.

తెర మాట ఎంతవరకు?

తెరను ఎంత సరిచేసినను గుడ్డ గుడ్డయే, తెర తెరయే. తెర తాను వెలుగును. గుడ్డ తనపై పడిన వెలుగును తిరిగి ఇచ్చును. ట్యూబ్‌లైటు క్రింద జతకూడిన రెండు నూళ్ళు ఎండలో విడిపోవుట రంగువారందరు ఎరిగినదే. కావున పెండ్లిపట్టుచీరను తెరమీద చూచి కొనువారు, వాపసు తీసికొందురో లేదో ముందు అడిగి కొనవలెను. పెద్దల పాత ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించువారు ముందు చిన్నకాగితముపై అచ్చు తీయించి చూడవలెను. ఇక పెండ్లి సంబంధముల ఫొటోల సంగతి: బ్రైట్‌నెస్ రెండు మెట్లు పెంచిన చామనచాయ పిల్ల తెల్లనగును, తగ్గించిన తెల్లని పిల్లవాడు నల్లనగును. మీటతో మారు రంగును పట్టుకొని సంబంధములు ఎంచువారిని చూచి జాలిపడవలెను.

మా కార్ఖానాలో ఇప్పుడు రెండు నియమములు. ఫొటో చూచి ఏ బేరమునకు రంగు వేయము; షేడ్ అంకెయో, జానెడు నూలు పోగో రావలెను. రెండవది, ప్రతి నెల మొదటి సోమవారము రంగుల మామ మా గదికి వచ్చును. మేము తెరమీద తెల్లపుటను తెరచి, ప్రక్కన కాగితమును పట్టుకొందుము. మామ చూచి తల ఊపిన పిమ్మటనే ఆ నెల చీటీలు వ్రాయుట ఆరంభింతుము. పనివారందరు తలుపు వద్ద నిలిచి చూచుచుందురు. ఆ తలుపు తెరచియుంచుట మాత్రము మేము కావలెనని చేయుచున్న పని.