గుర్రానికి సవారీ ఆనందమా?

వికారాబాద్, తాండూరు ప్రాంతపు ముస్లిం వివాహాలలో పెళ్ళికొడుకును గుర్రంపై ఊరేగించే ఆచారం నేటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. బరాత్ ముందు మర్ఫా మోగుతుంటే గుర్రం ముందు కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ, తల ఎగరవేస్తూ నాట్యం చేస్తుంది. చూసేవారు ముచ్చటపడి, గుర్రానికి కూడా పెళ్ళి సంబరమే కాబోలు అనుకుంటారు. ఇది నిజమేనా? మనిషిని మోయడంలో గుర్రానికి ఆనందం ఉంటుందా? పైకి ఇది పిల్లల ప్రశ్నలా తోచవచ్చు. కాని మూగజీవుల విషయంలో అల్లాహ్‌కు భయపడండని ఆదేశం పొందిన సమాజం దీన్ని తేలికగా తీసుకోజాలదు.

ఈ ప్రాంతానికి గుర్రం కొత్తదేమీ కాదు. 1893 నుండి 1901 వరకు హైదరాబాద్ ప్రధానమంత్రిగా ఉన్న నవాబ్ వికారుల్ ఉమ్రా పేరు మీదుగా వికారాబాద్‌కు ఆ పేరు వచ్చింది. ఆయన పాయగా వంశీయుడు. పాయగా అనే ఫారసీ పదానికి అశ్వశాల అని అర్థం; నిజాం కొరకు ఆశ్వికదళాన్ని పోషించిన వంశం అది. 1874లో సికింద్రాబాద్ - వాడి రైలుమార్గం వికారాబాద్, తాండూరుల మీదుగా పడింది. దక్కను పట్టణాలన్నింటిలో వలెనే ఇక్కడా రైలు దిగినవారికి జట్కాయే దిక్కుగా ఉండేది. తరువాత ఆటోలు వచ్చి జట్కాలను తరిమివేశాయి. ఇప్పుడు గుర్రం ఊరి జనం కంటబడేది ఎక్కువగా పెళ్ళిళ్ళలోనే.

గుర్రాలు, కంచరగాడిదలు, గాడిదలు మానవుల సవారీకి, శోభకు సృజించబడ్డాయని దివ్యఖుర్‌ఆన్ (16:8) తెలియజేస్తున్నది. కనుక సవారీ ధర్మసమ్మతమనడంలో సందేహం లేదు. అయితే సవారీకి సృజించబడింది గనుక సవారీ చేసినప్పుడల్లా దానికి సంతోషమే అని కొందరు చేసే వాదం మాత్రం నిలవదు. ఆయత్ చెబుతున్నది మనకు కలిగిన ప్రయోజనాన్ని. జంతువులూ మనవంటి సముదాయాలేనని అదే గ్రంథం (6:38) మరోచోట గుర్తుచేస్తున్నది. సముదాయమన్నాక దాని ఇష్టాయిష్టాలు దానికుంటాయి.

ఆ ఇష్టాయిష్టాలను గుర్రాన్నే అడిగి తెలుసుకునే ప్రయత్నాలు ఇటీవల జరిగాయి. నార్వేలో పరిశోధకులు 23 గుర్రాలకు పలకల మీది గుర్తులను ముట్టెతో తాకి చూపడం నేర్పారు. ఒక గుర్తుకు దుప్పటి కప్పమని, మరొకదానికి తీసివేయమని, ఇంకొకదానికి ఉన్నట్లే ఉంచమని అర్థం. రెండు వారాలలో అన్నీ నేర్చుకున్నాయి. చలిలో, వానలో దుప్పటి కావాలన్నాయి. ఎండ కాస్తే వద్దన్నాయి. 2016లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఫ్రాన్సులో జరిగి 2018లో వెలువడిన మరొక పరిశీలన ప్రకారం, గుర్రం ముక్కుతో ఫుర్రుమనడం అది నెమ్మదిగా, సుఖంగా ఉన్న వేళల్లో, అందులోనూ పచ్చికలో మేసేటప్పుడు ఎక్కువ. అంటే గుర్రానికి ఆనందం ఉంది. తోటి గుర్రాలతో కలిసి ఉండడం, రోజులో అత్యధిక భాగం మేయడం, కట్టు విప్పితే స్వేచ్ఛగా పరుగెత్తడం దానికి ఇష్టమైనవి. పిల్లలైతే ఊరికే గెంతుతూ, ఒకదానినొకటి తరుముతూ ఆడుకుంటాయి.

సవారీ సంగతి వేరు. మనిషి వచ్చి ఎక్కాలని గుర్రం తానై కోరుకుంటుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. మంచి శిక్షణ, ఒంటికి సరిపడిన జీను, చేయి తెలిసిన రౌతు ఉంటే అది ప్రశాంతంగా సహకరిస్తుంది; ఇంతవరకు చెప్పవచ్చు. సహీహ్ బుఖారీలోని ఒక సంఘటన ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఒక రాత్రి మదీనా ప్రజలు ఏదో శబ్దానికి భయపడగా, దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూ తల్హా (రజి) గారి గుర్రాన్ని జీను లేకుండానే ఎక్కి అందరికంటే ముందు వెళ్ళి చూసి వచ్చారు. మందకొడిదని పేరుపడిన ఆ గుర్రాన్ని ఆయన సముద్రంతో పోల్చారు. అది ఆనందించిందని ఉల్లేఖనంలో లేదు, మనం కల్పించనూ కూడదు. కాని గుర్రం నడక రౌతును బట్టి ఉంటుందన్నది స్పష్టం. ఆయన నిర్వహించిన పందేలలో కూడా తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియతుల్ వదా వరకు 5, 6 మైళ్ళు, తర్ఫీదు లేనివాటికి ఒక మైలు మాత్రమే దూరం. దేని శక్తికి తగిన పరుగు దానికి.

ఇక బరాత్ గుర్రం నాట్యం. ఇది తాళానికి పుట్టిన ఉత్సాహం కాదు, కళ్ళెం లాగి నేర్పిన విద్య. ఇంగ్లండుకు చెందిన పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 2018లో, సవారీ సమయంలో గుర్రం బాధను తెలిపే 24 చేష్టలను గుర్తించింది. చెవులు వెనక్కు వాల్చడం, నోరు తెరవడం, మాటిమాటికీ తల ఎగరవేయడం, తోకను విదిలించడం వాటిలోవి. 8 లేక అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఒంట్లో నొప్పి ఉందని అనుమానించాలి. మనం ముచ్చటపడే తల ఎగరవేత కూడా ఆ పట్టికలో ఉన్నదే! ముళ్ళ కళ్ళేలను మన దేశంలో 1965 నాటి నిబంధనలే నిషేధించాయి. పెదవుల మూలలు చూస్తే అవి వాడారో లేదో తెలిసిపోతుంది.

నాట్యం ఆగినప్పుడు గుర్రం నిలబడే ఉంటుంది, బరువు మాత్రం దిగదు. పశువుల వీపులను కుర్చీలుగా చేసుకుని దారులలో, బజార్లలో కబుర్లాడవద్దని ముస్నద్ అహ్మద్‌లోని హదీసు వారిస్తున్నది. మరి అరఫాత్‌లో దైవప్రవక్త (సఅసం) ఒంటెపై నుండే ప్రసంగించారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఇమామ్ ఖత్తాబీ దీనికి సమాధానమిచ్చారు: అవసరం కొరకు వాహనంపై ఆగడం ధర్మసమ్మతమే, అవసరం లేకుండా కూర్చుని పశువును అలయించడమే నిషిద్ధం. వీధి మలుపులో బాణసంచా కాల్చేంతసేపు, బంధువులు ఫోటోలు తీసుకునేంతసేపు గుర్రంపై ఉండడం ఏ అవసరం కిందికి వస్తుంది?

బరువుకూ లెక్క ఉంది. అమెరికాలో 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, తమ బరువులో 20 శాతం మోసినదాకా తట్టుకున్న గుర్రాలకు 25 శాతానికి చేరాక గుండె వేగం, కండరాల నొప్పి పెరిగాయి. 350 కిలోల గుర్రానికి 20 శాతమంటే 70 కిలోలు. పెళ్ళికొడుకు, జీను, ముందు కూర్చోబెట్టే షహ్‌బాలా పిల్లవాడు కలిస్తే ఎంతవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని తెలుగు సామెత. పనికిరానివానిపై విసుగుతో అనే మాట ఇది. హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ అదే విషయాన్ని యజమాని బాధ్యతగా రాశారు: ముసలితనం వల్లనో, రోగం వల్లనో పశువు ప్రయోజనం లేనిదైనా దానిని పోషించాలి, శక్తికి మించిన భారం మోపరాదు. పెళ్ళిళ్ళు లేని నెలల్లో అద్దె గుర్రాలకు దాణా ఎక్కడిది అన్న ప్రశ్న దీని నుండే పుడుతుంది. అద్దె బేరమాడే కుటుంబానికి కూడా అందులో వాటా ఉంది.

గుర్రం తప్పనిసరి అనుకునేవారు జీను ఎత్తించి వీపుపై పుండ్లున్నాయేమో చూడవచ్చు. మర్ఫాను, టపాకాయలను దూరంగా ఉంచవచ్చు. షాదీఖానా చివరి వీధిలో మాత్రమే పెళ్ళికొడుకును ఎక్కించి, గుమ్మం ముందు వెంటనే దింపి, గుర్రానికి ముందుగా నీళ్ళు పట్టించవచ్చు.