పక్కింటికి కొత్త గది... ఇవతలింటికి చీకటి!

కొడుక్కి సంబంధం కుదరగానే ఉన్న ఇంటికి మరో గది కలుపుకోవడం ఊళ్లలో మామూలైంది. మేస్త్రీ వస్తాడు, ఇసుక ట్రాక్టరు దిగుతుంది. గోడ ఆరు వరుసలు లేస్తే గానీ పక్కింటివారికి సంగతి బోధపడదు. పడమటి గదికున్న ఒక్క కిటికీకి ఎదురుగా ఇటుకలు పేరుకుంటున్నాయని!

"ఏరా అబ్బాయ్, మా కిటికీ మూసేస్తావా?" అని బాబాయి అడుగుతాడు. "మా స్థలంలో మేం కట్టుకుంటున్నాం బాబాయ్, మీ గోడ ముట్టుకున్నామా?" అంటాడు అబ్బాయి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. వారం తిరిగేసరికి ఒకరింటి పేరంటానికి మరొకరు వెళ్లడం మానేస్తారు.

ఇలాంటి తగవులో ముందు చూడాల్సింది పంచాయతీ కాగితం. కొత్త ఇంటికే అనుమతి కావాలి, గది కలుపుకుంటే అక్కర్లేదన్నది చాలామంది అపోహ. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 121వ సెక్షను ప్రకారం ఉన్న ఇంటికి చేర్పులు, మార్పులు చేసినా గ్రామ పంచాయతీ అనుమతి ఉండాల్సిందే. ప్లాను ఇచ్చారా, హద్దు నుంచి ఎంత జాగా వదిలారన్నది సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. జవాబుకు గడువు 30 రోజులు. కార్యదర్శి కదలకపోతే జిల్లా పంచాయతీ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు.

అయితే పంచాయతీ అనుమతి ఉన్నంత మాత్రాన తగవు తీరినట్టు కాదు. గాలి, వెలుతురు హక్కు వేరే సంగతి. అది తేల్చాల్సింది సివిల్ కోర్టు. ఆంధ్ర ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండడంవల్ల 1882 ఈజ్‌మెంట్ల చట్టం ఇక్కడ మొదటినుంచీ అమలులో ఉంది. ఒక కిటికీ ద్వారా ఎవరి అడ్డూ లేకుండా 20 ఏళ్లపాటు వెలుతురు, గాలి అనుభవిస్తే అది హక్కుగా మారుతుందని ఆ చట్టం 15వ సెక్షను చెబుతోంది. నిన్నగాక మొన్న పెట్టుకున్న కిటికీకి ఈ హక్కు రాదు. పాతదైనా, కాస్త మసకబారితే చాలదు. ఇంటి విలువ గానీ, అందులో ఉండేవారి సౌకర్యం గానీ గట్టిగా దెబ్బతిన్నట్టు చూపాలి.

గడువు కూడా ఉంది. అడ్డు పడ్డాక రెండేళ్లు దాటి కోర్టుకు వెళితే ఆ 20 ఏళ్ల లెక్క చెల్లదు. పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ, "పంట చేతికొచ్చాక చూద్దాం" అంటూ ఈ గడువు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఏడాదిపాటు తెలిసీ ఊరుకున్నా అది ఒప్పుకున్నట్టే లెక్కలోకి రావచ్చు.

దావా పడితే కోర్టు అడ్వొకేటు కమిషనరును పంపవచ్చు. ఆయన వచ్చి, టేపు పెట్టి కొలిచి, కిటికీ ఎక్కడుంది, గోడ ఎంత లేచిందీ రాసుకుంటాడు. అందుకని మొదటి ఇటుక పడ్డ రోజే తేదీ కనిపించేలా ఫొటో తీసి ఉంచుకోవడం మేలు.

పక్కింటివాడు అభ్యంతరం చెప్పడమేమిటని తీసిపారేసేవారు ఉడుపి కేసు గుర్తు చేసుకోవాలి. కర్ణాటకలోని ఆ పట్టణంలో నివాస ప్రాంతంలో కల్యాణ మంటపానికి అనుమతి తీసుకుని, తర్వాత దాన్ని సినిమా హాలుగా మార్చబోయారు. మునిసిపాలిటీ తీర్మానం కూడా చేసింది. అక్కడి నివాసి ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1974లో కోర్టు ఆ తీర్మానాన్ని కొట్టివేసింది. ప్లానుకు విరుద్ధమైన కట్టడంవల్ల చుట్టుపక్కల ఉండేవారి హక్కు దెబ్బతింటుందనీ, వారు ప్రశ్నించవచ్చనీ తేల్చింది. అది సినిమా హాలు, ఇది పడక గది. అయినా ప్రశ్నించే హక్కు ఒక్కటే.

కోర్టులో ఏళ్లు గడపడం ఇష్టంలేనివారికి లోక్ అదాలత్ ఉంది. రాజీ కుదిరితే దావాకు కట్టిన కోర్టు ఫీజు వాపసు ఇస్తారు. ఆ తీర్పుపై అప్పీలు ఉండదు. గోడ రెండడుగులు వెనక్కి జరపడమో, ఎత్తు తగ్గించడమో అక్కడే రాసుకోవచ్చు. శ్లాబు పోశాక మాత్రం జరపడానికి ఏమీ మిగలదు. అందుకే ముగ్గు పోసే రోజే బాబాయిని పిలిచి తాడు పట్టించేవాళ్లూ ఉన్నారు.